మనుషుల లెక్క, వెండి లెక్క

ఇటలీ పటాన్ని బూటు అనుకుంటే, ఆ బూటు అరికాలి దగ్గర, సముద్రం ఒడ్డున క్రోటోన్ అనే ఊరుంది. ఊరికి కాస్త దూరంలో నేల సముద్రంలోకి కొనలా చొచ్చుకెళ్లి ఉంటుంది. ఆ కొన మీద ఒకప్పుడు హేరా దేవత గుడి ఉండేది. ఇప్పుడు అందులో ఒకే ఒక్క స్తంభం నిలబడి ఉంది. రోమ్ మీద యుద్ధానికి వచ్చిన కార్తేజ్ నగర సేనాని హన్నిబాల్ ఆ గుడిలో ఒక కంచు పలక పెట్టించాడు. ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీలో దిగేనాటికి తన వెంట ఎంతమంది మిగిలారో దాని మీద రాయించాడు: కాల్బలం 20,000, గుర్రపు దళం 6,000. తర్వాత కొన్ని దశాబ్దాలకు గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ ఆ పలకను కళ్లారా చూసి, ఆ అంకెల్ని తన పుస్తకంలోకి ఎక్కించాడు.

ఆయనే ఇంకో లెక్క కూడా ఇచ్చాడు. హన్నిబాల్ రావడానికి ఏడేళ్ల ముందు, ఉత్తరం నుంచి గాల్ తెగలు వచ్చి మీద పడతాయన్న భయంతో రోమ్ ఒక లెక్క తీయించింది. తన పౌరుల్లోనూ, ఇటలీలోని మిత్ర నగరాల్లోనూ ఆయుధం పట్టగలిగిన మగవాళ్లు ఎంతమంది అని. కాల్బలం 7 లక్షల పైన, గుర్రపు దళం 70,000 తేలింది.

ఒకవైపు 26,000, ఇంకోవైపు 7,70,000. హన్నిబాల్ కథ విన్నవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: అన్ని పెద్ద యుద్ధాలూ గెలిచినవాడు చివరికి ఎందుకు ఓడాడు? ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మాత్రం వేరే ప్రశ్న పుడుతుంది. అసలు పదిహేనేళ్లు శత్రువు గడ్డ మీద ఎలా నిలబడ్డాడు?

రోమ్, కార్తేజ్ మధ్య మూడు యుద్ధాలు జరిగాయి. 264లో మొదలై 146లో ముగిశాయి. ఈ వ్యాసంలో సంవత్సరాలన్నీ క్రీస్తు పూర్వానివే, కాబట్టి అంకె తగ్గుతూ పోతుంటుంది, కంగారు పడొద్దు. ఏనుగులు, మంచు కొండలు, పగబట్టిన కొడుకు, ఇలా ఈ కథలో చెప్పుకోవడానికి చాలా ఉంది. అయితే వీటన్నిటి కింద రెండు నగరాల సైన్యం పోగుచేసుకునే పద్ధతులు ఉన్నాయి. అవి అర్థమైతే చాలా చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి.

ఇంటికో మనిషి

కార్తేజ్ ఇప్పటి ట్యునీషియాలో, ట్యునిస్ శివార్లలో ఉంది. ఇప్పటి లెబనాన్‌లోని టైర్ నుంచి వచ్చిన ఫినీషియన్ వర్తకులు కట్టిన ఊరు. సంప్రదాయం ప్రకారం 814లో కట్టారు. వాళ్ల భాషలో పేరు కర్త్ హదష్త్, అంటే కొత్త ఊరు. మన కొత్తపేటలు, కొత్తపల్లెల లాంటి పేరే. ఫినీషియన్లను రోమన్లు తమ భాషలో పోయెనీ అనేవాళ్లు. ప్యూనిక్ యుద్ధాలన్న పేరు అక్కణ్ణుంచే వచ్చింది. గెలిచినవాళ్ల భాషలో ఉన్న పేరు అది. మనకు మిగిలిన కథలన్నీ కూడా రోమన్లు, వాళ్ల చుట్టూ ఉన్న గ్రీకులు రాసినవే. పొలీబియస్ రోమ్‌కి బందీగా వచ్చి, ఈ యుద్ధాల్లో రోమన్ సేనల్ని నడిపిన స్కిపియో కుటుంబానికి దగ్గరివాడైనవాడు. నిజాయితీపరుడే, కానీ ఎవరి ఇంటి అరుగు మీద కూర్చుని రాశాడో గుర్తుపెట్టుకోవాలి.

కార్తేజ్ బలం ఓడలు, రేవులు, వర్తకం. చుట్టుపక్కల లిబియన్ రైతుల నుంచి పన్ను, రేవుల నుంచి సుంకం వస్తుంది. ఆ వెండితో యుద్ధానికి మనుషుల్ని కొంటుంది. స్పెయిన్ నుంచి కత్తివీరులు, బలియారిక్ దీవుల నుంచి వడిసెల విసిరేవాళ్లు, గాల్‌లు, గ్రీకులు, పొరుగున ఉన్న నుమిడియా నుంచి జీను కూడా లేకుండా గుర్రం నడిపే రౌతులు. సొంత పౌరులు ఎక్కువగా ఓడల మీద ఉంటారు, పరాయి నేల మీద చచ్చేది కూలికి వచ్చినవాళ్లు. దీన్ని పిరికితనం అని రోమన్ రచయితలు ఎగతాళి చేశారు గానీ, చిన్న జనాభా ఉన్న వర్తక నగరానికి ఇది తెలివైన పద్ధతే. వందల ఏళ్లు పనిచేసింది కూడా.

రోమ్ దారి వేరు. ఇటలీలో ఓడించిన ఊళ్ల మీద అది ఏటా పన్ను వేయలేదు. డబ్బు వద్దు, యుద్ధం వచ్చినప్పుడు మనుషుల్ని పంపండి అంది. చెరువు పనికి ఇంటికో మనిషి రావాలని ఊళ్లో చాటింపు వేసినట్టన్నమాట. మీ ఊరి వ్యవహారాలు మీరే చూసుకోండి, సైన్యానికి మాత్రం ఇంతమంది రావాలి. గెలిస్తే దోపిడీలో వాటా, కొన్నిసార్లు భూమి. ఈ ఏర్పాటులో ఇంకో మెలిక ఉంది. పన్ను తీసుకునేవాడు యుద్ధం లేని ఏడాది కూడా పన్ను తీసుకోవచ్చు. మనుషుల్ని మాత్రమే అడగగలిగేవాడికి యుద్ధం లేకపోతే ఆ పొత్తు వల్ల వచ్చేదేమీ ఉండదు. అందుకే రోమ్ దాదాపు ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట యుద్ధం చేస్తూనే ఉంది.

ఈ రెండు నగరాలూ మొదటి నుంచీ శత్రువులు కావు. పొలీబియస్ చూసిన మొదటి ఒప్పందం 509 నాటిది. గ్రీకు రాజు పిర్రస్ ఇటలీ మీదికి వచ్చినప్పుడు, 279 ప్రాంతంలో, ఒకరికొకరు సాయం చేసుకుంటామని కూడా రాసుకున్నారు. ఆ తర్వాత పదిహేనేళ్లకే కత్తులు దూసుకున్నారు.

ఓడల యుద్ధం

కారణం వింటే నవ్వొస్తుంది. సిసిలీలో మెస్సానా అనే రేవు పట్టణం. ఇటలీ నుంచి వచ్చిన మామర్టీన్లనే కిరాయి సైనికులు అక్కడ అతిథుల్లా చేరి, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టి, మగవాళ్లను చంపి ఊరు ఆక్రమించుకున్నారు. కొన్నేళ్లకు సిసిలీలోనే ఉన్న సిరక్యూస్ నగర పాలకుడు హియెరో వాళ్ల పని పట్టడానికి బయల్దేరాడు. వాళ్లు ఒకేసారి కార్తేజ్‌నీ, రోమ్‌నీ కాపాడమన్నారు. కార్తేజ్ ముందొచ్చి దండు దింపింది. రోమ్ పెద్దల సభ సెనేట్‌కి మనసొప్పలేదు. ఇలాంటి దొంగల్ని కాపాడితే పరువేం ఉంటుంది అనుకుంది. ప్రజల సభ మాత్రం, దోపిడీ బాగా దొరుకుతుందని కాన్సుల్స్ (ఏటా ఎన్నికై సైన్యాన్ని నడిపే ఇద్దరు అధికారులు) ఆశ పెట్టడంతో, సరే అంది. మెస్సానా నుంచి ఇటలీ ఒడ్డు కంటికి కనిపిస్తుంది. ఆ జలసంధి ఎవరి చేతుల్లో ఉండాలన్నదే అసలు తగాదా.

అక్కణ్ణుంచి 23 ఏళ్ల యుద్ధం. అందులో మొదట చెప్పుకోవాల్సింది రోమ్ ఓడలు కట్టిన తీరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కార్తేజ్ ఓడనొకదాన్ని పట్టుకుని, దాన్ని చూసి కాపీ కొట్టి, 100 పెద్ద ఓడలు, 20 చిన్న ఓడలు కట్టారు. ఓడలు తయారయ్యే లోపు తెడ్లు వేసేవాళ్లకు నేల మీదే బల్లలు వరసగా వేసి కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించారు. ఇదంతా కట్టుకథ అనుకునేవాళ్లు చాలా కాలం ఉండేవాళ్లు. మన కాలంలో, క్రీస్తు శకం 1970ల మొదట్లో, సిసిలీలో మర్సాలా దగ్గర సముద్రంలోంచి ఒక ప్యూనిక్ ఓడ అవశేషాలు బయటికి తీశారు. దాని చెక్కల మీద వడ్రంగులు పెట్టిన అక్షర గుర్తులున్నాయి. ఏ చెక్క ఎక్కడ బిగించాలో తెలిపే గుర్తులు. విడిభాగాలు ముందే కోసి పెట్టుకుని, తర్వాత జోడించే పద్ధతన్నమాట. అలాంటి ఓడ ఒక్కటి చేతికి చిక్కితే కాపీ కొట్టడం అంత కష్టమేమీ కాదని అప్పుడర్థమైంది.

సిసిలీ పడమటి ఒడ్డున ఏగాడి దీవుల దగ్గర కూడా సముద్రం అడుగున యుద్ధం ఆనవాళ్లు దొరుకుతున్నాయి. శత్రు ఓడను ఢీకొట్టడానికి ఓడ ముందు భాగానికి తొడిగే కంచు ముక్కులు అవి. ఇప్పటికి ఇరవైకి పైగా తీశారు. 241 మార్చిలో చివరి పోరాటం జరిగిన చోటు అదే. కార్తేజ్ ముక్కు ఒకదాని మీద బాల్ దేవుడికి ప్రార్థన ఉంది. రోమన్ ముక్కుల్లో కొన్నింటి మీద క్వెస్టర్ అనే ఖజానా అధికారి పేరు, పక్కన 'తనిఖీ చేసి ఆమోదించాడు' అన్న మాట. మన ఆఫీసుల్లో సరుకు దిగాక వేసే ముద్ర లాంటిదే. రోమ్ ఎలాంటి రాజ్యమో తెలుసుకోవడానికి నాకైతే ఆ ఒక్క ముద్ర చాలు.

ఆ ముద్రలు పడిన ఓడలు తుఫాన్లలో కుప్పలుతెప్పలుగా పోయాయి. 255లో కామరీనా తీరం దగ్గర ఒక్క తుఫానులో 364 ఓడలకు 80 మిగిలాయని పొలీబియస్ అంటాడు. ఒక పెద్ద ఓడకు 300 మంది తెడ్లవాళ్లు కావాలి. ఎంతమంది మునిగిపోయారో మీరే గుణించుకోండి. అయినా మళ్లీ కట్టారు, మళ్లీ పోయాయి. 249లో డ్రెపనా దగ్గర యుద్ధానికి ముందు శకునం చూడటానికి తెచ్చిన పవిత్ర కోళ్లు గింజలు ముట్టకపోతే, 'తినకపోతే తాగమనండి' అని కాన్సుల్ వాటిని నీళ్లలోకి విసిరేయించాడట. ఆ రోజు ఘోరంగా ఓడిపోయాడు. కోళ్ల కథ నిజమో కాదో గానీ, ఓటమి మాత్రం నిజం.

242 నాటికి రోమ్ ఖజానా ఖాళీ. అప్పుడు డబ్బున్నవాళ్లు ముందుకొచ్చారు. స్తోమతను బట్టి ఒకడు ఒక ఓడ, లేదంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఓడ. గెలిస్తే డబ్బు తిరిగివ్వాలన్న షరతు మీద. అలా 200 ఓడలు నీళ్లలోకి దిగాయి. కార్తేజ్ కూడా అప్పటికి అలాగే అలసిపోయింది. ఈజిప్టు రాజు టోలెమీని 2,000 టాలెంట్ల అప్పు అడిగింది. ఇద్దరూ నాకు స్నేహితులే, ఒకరి మీద ఇంకొకరికి సాయం చేయలేనని ఆయన చేతులు దులుపుకున్నాడు. ఏగాడి దీవుల దగ్గర ఓడిపోయాక కార్తేజ్ రాజీకి వచ్చింది. సిసిలీ వదులుకోవాలి, 3,200 టాలెంట్ల వెండి కట్టాలి. టాలెంట్ అంటే సుమారు 26 కిలోలు, అంటే 80 టన్నుల పైమాటే. వెయ్యి వెంటనే, మిగతాది పదేళ్ల వాయిదాల్లో.

బకాయిలు

నా దృష్టిలో ఈ మొత్తం కథకు గుండెకాయ ఇప్పుడొచ్చే మూడేళ్లు. సినిమాల్లో కనిపించని మూడేళ్లు.

సిసిలీలో పోరాడిన కిరాయి సైనికులకు జీతాలు బాకీ. అక్కడి సేనాని గిస్కోకి లోకజ్ఞానం ఉంది. వాళ్లను ఒకేసారి పంపకుండా కొద్దికొద్దిమందిని, మధ్యలో ఎడం ఇస్తూ ఆఫ్రికాకి పంపాడు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు లెక్క చూసి, చేతిలో డబ్బు పెట్టి, ఇంటికి సాగనంపొచ్చని. నగర పెద్దలు అలా చేయలేదు. అందరూ వచ్చాక కూర్చోబెట్టి, పరిస్థితి బాగాలేదు, కొంత తగ్గించుకోండి అని బేరం ఆడదామనుకున్నారు. నగరంలో గొడవలు ఎక్కువయ్యేసరికి తలా ఒక బంగారు నాణెం ఖర్చులకిచ్చి, పెళ్లాం పిల్లలతో, సామానుతో సహా సిక్కా అనే ఊరికి పంపేశారు. పని లేకుండా, జీతం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లు ఏం చేస్తారు? లెక్కలు వేసుకున్నారు. రావాల్సిన జీతం, యుద్ధంలో చచ్చిన గుర్రం ఖరీదు, ఇవ్వాల్సిన తిండిగింజల బాకీ. ఆ గింజలకు కూడా యుద్ధంలో ఎన్నడూ లేనంత పెద్ద ధర కట్టారు. అప్పుడు హన్నో అనే పెద్దమనిషి వచ్చి, ఇచ్చేది తగ్గుతుందని చెప్పాడు. సైన్యంలో అయిదారు భాషలవాళ్లున్నారు, ఆయన మాట సగం మందికి అర్థం కాలేదు. అర్థమైన మాట ఒకటే: డబ్బు లేదు.

తిరుగుబాటు చేశారు. యుద్ధ ఖర్చుల కోసం పంటలో సగం, పట్టణాల్లో రెట్టింపు పన్ను గుంజుకున్న కార్తేజ్ మీద లిబియన్ రైతులకు ఎలాగూ కడుపు మంట. వాళ్లు కూడా కలిశారు. లిబియన్ ఆడవాళ్లు ఒంటి మీద నగలు తీసిచ్చారని పొలీబియస్ రాశాడు. రెండు వైపులా చేసిన క్రూరత్వాలు ఇక్కడ వర్ణించడం నాకిష్టం లేదు. మూడేళ్లకు పైగా నెత్తురు పారాక హమిల్కార్ బార్కా అనే సేనాని దాన్ని అణచగలిగాడు. ఈ సందులో రోమ్ సార్డీనియా దీవిని లాక్కుని, అడ్డొస్తే యుద్ధమే అని బెదిరించి, ఇంకో 1,200 టాలెంట్లు అదనంగా కట్టమంది. రోమ్‌ని సాధారణంగా వెనకేసుకొచ్చే పొలీబియస్ కూడా ఇది అన్యాయమని ఒప్పుకున్నాడు. రెండో యుద్ధానికి పెద్ద కారణం ఇదేనన్నాడు.

హమిల్కార్ స్పెయిన్‌కి వెళ్లాడు. తొమ్మిదేళ్ల కొడుకు హన్నిబాల్‌తో గుడిలో, రోమ్‌కి ఎన్నడూ స్నేహితుడిగా ఉండనని ప్రమాణం చేయించింది అప్పుడే. ప్రమాణం సంగతి అందరికీ తెలుసు. స్పెయిన్‌లో ఏం చేస్తున్నావని రోమన్ రాయబారులు అడిగినప్పుడు హమిల్కార్ చెప్పాడంటున్న జవాబు అంతగా ఎవరూ చెప్పుకోరు: మీ బాకీ తీర్చడానికే పోరాడుతున్నాను. ఎత్తిపొడుపుగా అన్నా, అందులో నిజం ఉంది. స్పెయిన్ అంటే వెండి గనులు. అక్కడ బెబెలో అనే ఒక్క గనే హన్నిబాల్‌కి రోజుకు 300 పౌండ్ల వెండి ఇచ్చేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. హమిల్కార్ అల్లుడు హస్‌ద్రుబాల్ అక్కడ కట్టిన రాజధాని పేరు కూడా కర్త్ హదష్తే. దాన్ని రోమన్లు కొత్త కార్తేజ్ అన్నారు, అంటే కొత్త కొత్తపేట. ఇప్పటి కార్తహీనా అదే.

కానే తర్వాత

హన్నిబాల్ ఆలోచన ఏమిటో అతను చేసిన చిన్న పనుల్లో కనిపిస్తుంది. సముద్రం రోమ్ చేతిలో ఉంది కాబట్టి నేల దారిన వచ్చాడు. రోన్ నది దాటినప్పుడు 46,000 మంది, కొండలు దిగేసరికి 26,000. అయినా వరసగా గెలిచాడు. 218 చలికాలంలో ట్రెబియా నది, 217లో ట్రసిమీన్ సరస్సు. ప్రతి యుద్ధం తర్వాత బందీల్ని రెండు వరసలు చేసేవాడు. రోమన్లను సంకెళ్లు వేసి ఉంచుకునేవాడు. మిత్ర నగరాలవాళ్లను పైసా తీసుకోకుండా ఇళ్లకు పంపేవాడు. నేనొచ్చింది మీ మీద యుద్ధానికి కాదు, మీ కోసం రోమ్ మీద యుద్ధానికి అని చెప్పి మరీ పంపేవాడు. అంటే 7,70,000 అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి స్పష్టంగా తెలుసు. దాన్ని కత్తితో కోయడం అసాధ్యం, పొత్తు తెంచితేనే అది కరుగుతుంది.

216 ఆగస్టు 2న దక్షిణ ఇటలీలోని కానే దగ్గర యుద్ధం. గాల్ తెగలవాళ్లు చేరి హన్నిబాల్ సైన్యం 50,000 అయింది. ఎదురుగా 80,000కి పైగా. నడుమ భాగం కావాలని వెనక్కి వంగుతుంటే రోమన్లు లోపలికి తోసుకొచ్చారు. రెండు పక్కలా ఆఫ్రికన్ కాల్బలం, వెనక నుంచి గుర్రపు దళం మూసేశాయి. ఆ రోజు చచ్చిన రోమన్ సైనికులు రోమన్ చరిత్రకారుడు లివీ లెక్కలో 48,000 పైన, పొలీబియస్ లెక్కలో 70,000. ఏ లెక్క తీసుకున్నా ఒక్క పగటి పూటలో.

హన్నిబాల్ తమ్ముడు మాగో ఈ వార్త మోసుకుని కార్తేజ్ వెళ్లాడు. చనిపోయిన రోమన్ పెద్దల వేళ్ల నుంచి తీసిన బంగారు ఉంగరాలు సభ ముందు కుప్ప పోశాడు. ఇంకా మనుషులు, డబ్బు, గింజలు పంపమన్నాడు. సభలో బార్కా కుటుంబమంటే పడని హన్నో అనే పెద్దమనిషి లేచి కొన్ని ప్రశ్నలేశాడని లివీ రాశాడు. లాటిన్ ఊళ్లలో ఒక్కటైనా మన వైపు వచ్చిందా? రోమ్‌లోని 35 విభాగాల్లో ఒక్క మనిషైనా హన్నిబాల్ దగ్గరికి పారిపోయి వచ్చాడా? లేదని మాగో ఒప్పుకోవాల్సి వచ్చింది. రోమన్లు రాజీ మాటలేమైనా ఎత్తారా? అదీ లేదు. అలాగైతే యుద్ధం మొదలైన రోజు ఎక్కడున్నామో ఇప్పుడూ అక్కడే ఉన్నాం అన్నాడు హన్నో. ఈ ప్రసంగాన్ని లివీ తన కలంతో నగిషీ చెక్కి ఉంటాడు, అనుమానం లేదు. కానీ ఉంగరాల కుప్ప పక్కన వేసిన ఆ ప్రశ్నలు సరైనవే.

కానే తర్వాత వెంటనే రోమ్ మీదికి ఎందుకు వెళ్లలేదన్నది ఇంకో పాత వాదన. 'గెలవడం నీకు తెలుసు హన్నిబాల్, గెలుపును వాడుకోవడం తెలియదు' అని అతని గుర్రపు దళ నాయకుడు అన్నాడట. మాట బాగుంది. అయితే రోమ్ 400 కిలోమీటర్ల దూరంలో ఉంది, చుట్టూ రాతి గోడ ఉంది, ముట్టడి యంత్రాలు చేతిలో లేవు. స్పెయిన్‌లోని సాగుంటం లాంటి చిన్న ఊరు పట్టుకోవడానికే అతనికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ విషయంలో నేను హన్నిబాల్ పక్షమే.

అతని పథకం సగం పండింది కూడా. ఇటలీలోని కాపువా నగరం అతని వైపు తిరిగింది. దక్షిణాన చాలా ఊళ్లు తిరిగాయి. మాసిడోనియా రాజు ఫిలిప్, సిరక్యూస్ కలిసొచ్చాయి. ఇక్కడే అసలు ఇబ్బంది. కాపువా అతనితో రాసుకున్న ఒప్పందంలో ఒక షరతు: కాపువా పౌరుడెవడూ తనకిష్టం లేకుండా సైన్యంలో పనిచేయనక్కర్లేదు. రోమ్‌ని వదిలి వచ్చేదే మనుషుల్ని పంపే బాధ తప్పించుకోవడానికి! విముక్తి ఇస్తానని వచ్చినవాడు మళ్లీ ఇంటికో మనిషిని పంపమని ఎలా అడుగుతాడు? కొత్తగా చేరిన ప్రతి ఊరికీ కాపలా మాత్రం అతనే కాయాలి. ఉన్న కొద్ది సైన్యం అలా కాపలాలకే చీలిపోయింది. రోమన్లు అతనితో ఎదురుపడకుండా, అతను లేని చోటల్లా ఆ ఊళ్లను ఒక్కొక్కటే పీక పిసికారు. ఈ పద్ధతి మొదలుపెట్టిన ఫాబియస్‌కి జనం పెట్టిన పేరు 'తాత్సారం చేసేవాడు'. మొదట అది తిట్టే, తర్వాత బిరుదైంది.

రోమ్ ఏం చేసిందో చూడండి. పట్టుబడ్డ తన సైనికుల్ని డబ్బిచ్చి విడిపించుకోనంది. 8,000 మంది బానిసల్ని కొని సైన్యంలో చేర్చింది. కొన్నేళ్లలో దాదాపు 25 లెజియన్లను, అంటే ఒక్కోదానిలో నాలుగైదు వేలమంది ఉండే దళాలను, నిలబెట్టింది. ఇదంతా ఊరికే జరగలేదు, వ్యవస్థ తెగేదాకా సాగింది. పాత నాణేల విలువ పడిపోతే 211 ప్రాంతంలో దెనారియస్ అనే కొత్త వెండి నాణెం తెచ్చారు. నల్గొండ జిల్లాలో దొరికిన రోమన్ వెండి నాణేలు రెండు శతాబ్దాల తర్వాతి చక్రవర్తులవి గానీ, ఆ నాణెం పుట్టింది మాత్రం ఈ యుద్ధం టెన్షన్‌లోనే. 209లో, రోమ్ తన మనుషులతో కట్టించిన 30 లాటిన్ కాలనీల్లో 12 ఊళ్లు రోమ్‌కి వచ్చి, ఇక మా దగ్గర మనుషులూ లేరు, డబ్బూ లేదు అని చెప్పేశాయి. హన్నిబాల్ అంతకాలం ఎదురుచూసిన మాట అదే. మిగిలిన 18 కూడా ఆ మాటే అని ఉంటే నేనీ వ్యాసం ఇంకోలా రాసేవాణ్ణి. వాళ్లు అడిగినంతా ఇస్తాం, ఇంకా కావాలన్నా ఇస్తాం అన్నారు.

అదే 209లో రోమ్ కుర్ర సేనాని స్కిపియో స్పెయిన్‌లో కొత్త కార్తేజ్‌ని ఒక్క రోజు దాడితో పట్టుకున్నాడు. వెండి గనులు చేయి మారాయి. 207లో అన్నకు సాయంగా ఇటలీ వచ్చిన హన్నిబాల్ ఇంకో తమ్ముడు, అతని పేరూ హస్‌ద్రుబాలే, మెటౌరస్ నది దగ్గర చనిపోయాడు. అతని తల నరికి తెచ్చి హన్నిబాల్ శిబిరం ముందు విసిరారు. తమ్ముడు పోయాడన్న కబురు అతనికి అలా తెలిసింది. 202లో ఆఫ్రికాలో, జామా దగ్గర, స్కిపియో చేతిలో హన్నిబాల్ మొదటిసారి పెద్ద యుద్ధం ఓడిపోయాడు. నుమిడియా గుర్రపు దళం ఈసారి రాజు మసినిస్సా వెంట రోమ్ వైపు ఉంది.

ఒక్కటి మాత్రం నా సూత్రానికి లొంగదు. హన్నిబాల్ సైన్యం కూడా కూలికి వచ్చిన, ఒకరి భాష ఒకరికి రాని జనమే. పదిహేనేళ్లు పరాయి దేశంలో, జీతాలు సరిగా అందని రోజుల్లో కూడా వాళ్లు అతని మీద తిరగబడలేదు. సిక్కాలో జరిగింది ఇటలీలో జరగలేదు. అది పద్ధతి గొప్పతనం కాదు, ఒక మనిషి గొప్పతనం.

యాభై వాయిదాలు

201 నాటి ఒప్పందం: 10,000 టాలెంట్లు, ఏటా 200 చొప్పున 50 ఏళ్లు. యుద్ధ నౌకలు పది ఉంచుకోవచ్చు. రోమ్ అనుమతి లేకుండా ఎవరితోనూ యుద్ధం చేయకూడదు. వాయిదాలు అంత చిన్నవి ఎందుకు? దయ అనుకుంటే పొరపాటు. 196లో హన్నిబాల్ కార్తేజ్ పాలనాధికారి అయ్యాడు. ఖజానా లెక్కలు తవ్వి, పెద్దమనుషులు తింటున్న సొమ్ము బయటపెట్టాడు. దోపిడీ ఆపితే కొత్త పన్ను లేకుండానే బాకీ కట్టొచ్చని చూపించాడు. ఊళ్లో పెద్దలకు ఒళ్లు మండి రోమ్‌కి చాడీలు మోశారు. అతను దేశం వదిలి పారిపోయాడు, చివరికి ఇప్పటి టర్కీలోని బితీనియాలో విషం తాగి చనిపోయాడు. కానీ అతను గాడిన పెట్టిన ఖజానా ఎంత నిండిందంటే, 191లో కార్తేజ్ మిగతా బాకీ మొత్తం ఒకేసారి కట్టేస్తాం అంది. రోమ్ వద్దంది. అప్పిచ్చినవాడు అసలు వద్దంటున్నాడంటే అతనికి కావాల్సింది డబ్బు కాదు. ఏటా వచ్చి తలవంచి కట్టాలి, అదీ కావాల్సింది.

చివరి వాయిదా 151లో తీరింది. మూడో యుద్ధం 149లో మొదలైంది. ఈ రెండు తేదీల దగ్గరితనం యాదృచ్ఛికం అని నేను అనుకోను. ఈ మధ్య కాలమంతా మసినిస్సా సరిహద్దు భూములు కొరుక్కుతింటుంటే, ఫిర్యాదు చేసిన ప్రతిసారీ రోమ్ అతని వైపే తీర్పిచ్చింది. బాకీ తీరాక కార్తేజ్ అనుమతి అడగకుండా అతని మీదికి సైన్యం పంపింది, ఓడిపోయింది. అంతకు కొద్దికాలం ముందే కేటో అనే ముసలి సెనేటర్ కార్తేజ్ చూసొచ్చి, కళకళలాడుతున్న ఊరిని చూసి నిద్రపట్టక, ఏ విషయం మీద మాట్లాడినా చివర్లో 'కార్తేజ్‌ని నాశనం చేయాలి' అని చేర్చడం మొదలుపెట్టాడు. ఒకరోజు సభలో తాజా అంజూర పండు చూపించి, ఇది మూడు రోజుల కిందట కార్తేజ్‌లో కోసింది, శత్రువు అంత దగ్గరున్నాడు అన్నాడట.

149లో రోమన్ సైన్యం దిగింది. ముందు 300 మంది పెద్దింటి పిల్లల్ని బందీలుగా అడిగారు, ఇచ్చారు. ఆయుధాలన్నీ అప్పగించమన్నారు, బండ్ల మీద 2 లక్షల మంది కవచాలు, 2,000 రాళ్లు రువ్వే యంత్రాలు తోలుకొచ్చి ఇచ్చారు. అప్పుడు అసలు మాట చెప్పారు: ఊరు ఖాళీ చేసి, సముద్రానికి 80 స్టేడియాల దూరం, అంటే 15 కిలోమీటర్లు లోపలికి పోయి కొత్త ఊరు కట్టుకోండి. సముద్రమే మీ చేటు, భూమి దున్నుకుని బతకండి అని కాన్సుల్ హితబోధ కూడా చేశాడు.

అప్పుడు తిరగబడ్డారు. కొనడానికి సైనికులు లేరు, చేతిలో ఆయుధం లేదు. గుళ్లను కార్ఖానాలు చేసి, ఆడా మగా వంతులేసుకుని, రోజుకు 100 డాళ్లు, 300 కత్తులు, 500 ఈటెలు చేశారు. యంత్రాలకు పేనే తాళ్ల కోసం ఆడవాళ్లు జుట్టు కోసిచ్చారు. రోమన్లు రేవు నోరు మూసేస్తే, లోపల నుంచి ఇంకో దారి తవ్వి, పాత కలపతో 50 ఓడలు రహస్యంగా కట్టి బయటికొచ్చారు. నూట పద్దెనిమిదేళ్ల యుద్ధాల్లో కార్తేజ్ పౌరులు ఊరంతా కలిసి పోరాడింది ఆ చివరి మూడేళ్లే. 146లో ఆరు రోజుల పాటు సందుసందునా, ఆరంతస్తుల ఇళ్ల పైకప్పుల మీదా పోరాడాక ఊరు పడింది. 50,000 మంది బానిసలయ్యారు. ఆ నేల మీద ఉప్పు చల్లారన్నది మాత్రం తర్వాతి కాలం కల్పన. ప్రాచీన రచయితల్లో ఒక్కరూ ఆ మాట రాయలేదు.

ఊళ్లోని గ్రంథాలయాల్ని రోమ్ సెనేట్ ఆఫ్రికా రాజులకు పంచిపెట్టేసింది. ఒక్క రచనను మాత్రం లాటిన్‌లోకి అనువదించమని తీర్మానం చేసింది. మాగో అనే కార్తేజ్ రచయిత రాసిన 28 భాగాల సేద్యం పుస్తకం. అప్పటికే కేటో వ్యవసాయం మీద తన సొంత పుస్తకం రాసి ఉన్నాడు, అయినా ఇది కావాలన్నారు. మాగో మూలం పోయింది, లాటిన్ అనువాదమూ పోయింది. ఇతరులు ఎత్తిరాసుకున్న ముక్కలు కొన్ని మిగిలాయి. పొలం కొన్నవాడు పట్నంలో ఇల్లు అమ్మేయాలి అన్నది అందులో మొదటి సలహా.